నక్షత్రం ఆరకపోయినా ఆ వీడియో డిలీట్ చెయ్యకండి: నెప్ట్యూన్ అవతలి వస్తువుల ఆకల్టేషన్లు, 8 అంగుళాల టెలిస్కోప్

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా సందర్భం తెలియాలి కదా. మీ దగ్గర 8 అంగుళాల టెలిస్కోపూ ఒక సీమాస్ కెమెరా (టెలిస్కోప్‌కి తగిలించి వీడియో తీసే డిజిటల్ కెమెరా) ఉన్నాయి, నెప్ట్యూన్ అవతల తిరిగే ఒక వస్తువు (వ్యాసం 450 కి.మీ. ఉండొచ్చని అంచనా) 13వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) నక్షత్రానికి అడ్డం రాబోతోంది (దీన్నే ఆకల్టేషన్ అంటారు, అడ్డం వచ్చిన కొద్ది సెకన్లు నక్షత్రం ఆరినట్టు మాయమవుతుంది), ఆ నీడ మధ్యగీతకి మీరు 260 కి.మీ. దూరంలో ఉన్నారు, అంటే లెక్క ప్రకారం నీడ అంచుకి 35 కి.మీ. బయట. పోయిన నెల ఇలాంటిదే ఒకటి ట్రై చేస్తే నక్షత్రం అసలు ఆరలేదు, గంటసేపు కూర్చుని చివరికి వీడియో డిలీట్ చేసేశారు. ఇప్పుడు నీడ బయట ఉండి మళ్ళీ కూర్చోవడం దండగేమో, ఆ వస్తువు 20వ మాగ్నిట్యూడ్, నా టెలిస్కోప్‌లో ఎటూ కనపడదు, మరి నేను చూసి ఏం లాభం అని అడిగారు.

కూర్చోండి. తప్పకుండా కూర్చోండి. పోయినసారి మీరు చేసిన దాంట్లో తప్పు ఒక్కటే, ఆ వీడియో డిలీట్ చెయ్యడం.

వస్తువు కనపడకపోవడం గురించి ముందు చెప్తా. అది కనపడక్కర్లేదండి. మనం చూసేది నక్షత్రాన్నే. నక్షత్రం ఎంత దూరంలో ఉంటుందంటే దాని వెలుతురు మన దాకా వచ్చేసరికి కిరణాలన్నీ సమాంతరంగా ఉన్నట్టే, అందుకని మధ్యలో అడ్డం వచ్చిన వస్తువు నీడ సాగదు, కుంచించుకుపోదు, ఆ వస్తువు ఎంత ఉంటే అంతే భూమి మీద పడుతుంది. 450 కి.మీ. వస్తువైతే 450 కి.మీ. నీడ. ఆ నీడ సెకనుకి 20 కి.మీ. పైచిలుకు వేగంతో భూమి మీద నుంచి దూసుకుపోతుంది (ఆ వేగంలో ఎక్కువ వాటా మన భూమి సూర్యుడి చుట్టూ తిరిగే సెకనుకి 30 కి.మీ. వేగానిదే). 600 కోట్ల కి.మీ. అవతల ఉన్న ఒక మంచురాయి ఆకారం, సైజుతో సహా, మీ పెరట్లో నుంచి పోతోందన్నమాట. హబుల్‌తో ఫొటో తీసినా అది నాలుగైదు పిక్సెళ్ళ చుక్కే. మీ 8 అంగుళాల టెలిస్కోపుతో దాని వెడల్పుని కొద్ది కిలోమీటర్ల తేడాలో చెప్పొచ్చు. నాకు ఈ పని మీద ఇన్నేళ్ళైనా మోజు తగ్గకపోవడానికి కారణం ఇదే.

నెప్ట్యూన్ అవతల తిరిగే మరుగుజ్జు గ్రహం ఎరిస్ సంగతే చూడండి. 2010 నవంబర్ 6న అది ఒక మసక నక్షత్రం ముందు నుంచి పోయింది, చిలీలో రెండు చోట్ల మాత్రమే పట్టుకున్నారు, అది కూడా ఓ మోస్తరు సైజు టెలిస్కోపులతోనే. ఆ రెండు చోట్ల రికార్డులతో ఎరిస్ వ్యాసం 2326 కి.మీ. అని, అటూ ఇటూ 12 కి.మీ. తేడాతో తేల్చేశారు. అప్పటిదాకా ప్లూటో కంటే ఎరిస్ పెద్దదనే అందరూ అనుకునేవాళ్ళు, బరువులో పెద్దదే కానీ సైజులో ప్లూటో కంటే ఒక పిసరు చిన్నది. ఇంకోటి, ఆ సైజుకి అంత వెలుతురు రావాలంటే మీద పడ్డ వెలుతురులో 96 శాతం వెనక్కి కొట్టాలి, అంటే కొత్తగా పడ్డ మంచులా ఉందన్నమాట ఉపరితలం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, మీరు బయట ఉన్నారన్న సంగతి. మీ ప్రెడిక్షన్ మ్యాప్ మీద నీడ గీతలు చూసి అవేవో సరిహద్దులు అనుకోకండి, అది అంచనా మాత్రమే. 40 ఆస్ట్రనామికల్ యూనిట్ల దూరంలో (భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 40 రెట్లు) ఒక్క మిల్లీ ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 36 లక్షలో వంతు) పొరపాటు అంటే భూమి మీద 29 కి.మీ. పక్కకి. నక్షత్రం స్థానం వరకు గయా (నక్షత్రాల స్థానాలు కొలిచిన వ్యోమనౌక) పుణ్యమా అని దిగుల్లేదు, 2018లో దాని రెండో డేటా విడుదల వచ్చిన దగ్గర్నుంచి నక్షత్రాల వైపు పొరపాటు దాదాపు పోయినట్టే. కానీ ఆ వస్తువు కక్ష్య అంత కచ్చితంగా తెలీదు, మీ ప్రెడిక్షన్‌లోనే అనిశ్చితి 200 కి.మీ. అని రాసి ఉంది చూడండి. 200 కి.మీ. అటో ఇటో జరగగలిగే నీడకి 35 కి.మీ. బయట ఉండటం అనేది బయట ఉండటం కింద లెక్కే కాదు. నేను లెక్క వేశా, మీకు నీడ తగిలే అవకాశం నూటికి 40 పైనే. ఇంకో మాట, చివరి వారంలో పెద్ద అబ్జర్వేటరీల కొలతలు వచ్చి ప్రెడిక్షన్ మారుతూ ఉంటుంది, కాబట్టి నెల కింద డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ పట్టుకుని కూర్చోకుండా ఆ రోజు పొద్దున్న కూడా ఒకసారి చూసుకోండి. ఆకల్ట్ వాచర్ (ప్రెడిక్షన్లు చూపించే సాఫ్ట్‌వేర్), లక్కీ స్టార్ (ప్రెడిక్షన్లు పెట్టే వెబ్‌సైట్) రెండూ చూడటం నా అలవాటు.

సరే, మిగతా 60 పాళ్ళే నిజమైందనుకుందాం, నీడ తగల్లేదు. అప్పుడేంటి? దీని మీద కాస్త నెమ్మదిగా చెప్తా, ఎందుకంటే కొత్తవాళ్ళలో చాలామంది ఇక్కడే మానేస్తారు.

ఎక్కడో ఒకాయనకి నక్షత్రం ఆరింది, ఆరిన సెకన్లని నీడ వేగంతో గుణిస్తే 300 కి.మీ. వచ్చింది అనుకోండి. ఇది ఆ వస్తువు వ్యాసం కాదు, స్కూల్లో చదివిన జ్యా గుర్తుందా, వృత్తాన్ని అడ్డంగా కోసే గీత, అదీ ఇది. 300 కి.మీ. జ్యా 300 కి.మీ. వృత్తంలోనూ పడుతుంది, 1000 కి.మీ. వృత్తంలో అంచు దగ్గరా పడుతుంది. కాబట్టి ఆ ఒక్క రికార్డుతో మనకి తెలిసింది కనీసం 300 అనే. ఇప్పుడు ఆ గీతకి ఉత్తరంగా 120 కి.మీ. దూరంలో మీరున్నారు, మీకు ఏమీ ఆరలేదు, వీడియో శుభ్రంగా ఉంది. వస్తువు గుండ్రంగా ఉందనుకుంటే దాని కేంద్రం ఆ జ్యా మీదే ఉండే వీల్లేదు, ఉంటే ఉత్తరంగా 150 దాకా నీడ వచ్చి మిమ్మల్ని కప్పేసేది. అంటే కేంద్రం దక్షిణంగా కనీసం 34 కి.మీ. జరిగి ఉండాలి. ఇంకొకాయన దక్షిణంగా 350 కి.మీ. దగ్గర ఉన్నాడు, ఆయనకీ ఆరలేదు. కూర్చుని లెక్క కడితే వ్యాసం 308కీ 414కీ మధ్యే ఉండాలని వస్తుంది. ఒక్క దొరికిన రికార్డు, రెండు "ఏమీ అవ్వలేదు"లు, 300 నుంచి ఎంతైనా కావచ్చు అన్నది కాస్తా ఇంత ఇరుకైపోయింది. ఆ రెండిట్లో ఏ ఒక్కరు డిలీట్ కొట్టినా ఈ లెక్క నిలబడదు.

అయితే ఒక షరతు ఉంది. "ఆరలేదు" అని చెప్పాలంటే ఆ టైంలో నక్షత్రం కనపడుతూ ఉన్నట్టు మీ రికార్డు చూపించాలి. మబ్బు పట్టిందనుకోండి, అది "ఆరలేదు" కాదు, "తెలీదు". రిపోర్టులో మబ్బు అనే రాయండి, మొహమాటపడి నెగటివ్ (ఆరలేదు) అని రాస్తే మొత్తం ఆకారమే తప్పుగా వస్తుంది. అందుకే ఫ్రేములో టార్గెట్ నక్షత్రంతో పాటు అంతే వెలుగున్న ఇంకో ఒకటి రెండు నక్షత్రాలు ఉండేలా పెట్టుకోండి. అన్నీ కలిసి మసకబారితే మబ్బు, ఒక్కటే ఆరితే అప్పుడు గుండె వేగం పెరగొచ్చు.

ఇలా ఆరని రికార్డుల్ని మిస్సులు అంటాం, వాటి విలువ తెలియాలంటే అరోకోత్ కథ చెప్పాలి. న్యూ హొరైజన్స్ వ్యోమనౌక ప్లూటో దాటాక వెళ్ళాల్సిన చిన్న వస్తువు అది, ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. 2017 జూన్ 3న దాని నీడ పడుతుందని అర్జెంటీనాలో, దక్షిణాఫ్రికాలో టెలిస్కోపుల్ని కంచెలాగా వరుసగా నిలబెట్టారు. ఒక్కరికి కూడా నక్షత్రం ఆరలేదు. అన్ని మిస్సులు ఒకేసారి. కానీ ఆ మిస్సుల వల్లే వస్తువు అనుకున్నదానికంటే చిన్నదై ఉండాలని అర్థమైంది. మళ్ళీ జూలై 17న అర్జెంటీనాలో 24 టెలిస్కోపులు పెట్టారు, కొమొదొరొ రివదావియా చుట్టుపక్కల, అక్కడ గాలి ఎంత విపరీతం అంటే టెలిస్కోపులు ఊగిపోకుండా లారీలు తెచ్చి అడ్డం పెట్టారు, ఊళ్ళో వీధి దీపాలు ఆపారు, హైవే రెండు గంటలు మూసేశారు. ఐదు టెలిస్కోపులకి దొరికింది, అది కూడా ఒక సెకను అటూ ఇటూగా. ఆ ఐదు జ్యాలనీ పక్కపక్కన పేర్చితే గుండ్రంగా రాలేదు, రెండు ముద్దలు అతుక్కున్నట్టు వచ్చింది. 2019 జనవరి 1న నౌక దగ్గరికి వెళ్ళి ఫొటో తీస్తే అచ్చం అదే, రెండు ముద్దలు అతుక్కున్న 36 కి.మీ. వస్తువు.

ఇక టైమింగ్. మొత్తం పనిలో ఒక్కదాని మీదే జాగ్రత్త పెట్టగలరంటే దీని మీద పెట్టండి. టెలిస్కోప్ పెద్దది కాకపోయినా పర్లేదు, కెమెరా పాతదైనా పర్లేదు, టైం తప్పైతే మాత్రం మిగతాదంతా ఎంత బాగా చేసినా లాభం లేదు. నీడ వేగం సెకనుకి 22 కి.మీ. అయితే మీ గడియారం ఒక్క సెకను తప్పితే మీ జ్యా 22 కి.మీ. పక్కకి పోతుంది. నాకిది అనుభవం. ఒక ఈవెంట్‌లో నాకు నక్షత్రం బ్రహ్మాండంగా ఆరింది, లైట్ కర్వ్ (టైంతో పాటు నక్షత్రం వెలుగు ఎలా మారిందో చూపే గీత) గోడలాగా నిటారుగా దిగి నిటారుగా లేచింది, సంబరంగా పంపించా. మిగతా వాళ్ళ జ్యాలన్నీ ఒక దీర్ఘవృత్తంలో సర్దుకుంటే నాది మాత్రం ఒక పక్క దాదాపు 18 కి.మీ. బయటికి పొడుచుకొచ్చింది, ఇంకో పక్క అంతే లోపలికి పోయింది. వెతికితే తేలిందేంటంటే ఆ సాయంత్రం ల్యాప్‌టాప్‌కి నెట్ లేదు, గడియారం 0.8 సెకన్లు జారిపోయింది, నేను చూసుకోలేదు. నా జ్యా పొడవు మాత్రం వాడుకున్నారు, స్థానం వాడలేకపోయారు. ఎన్నాళ్ళకో ఒకసారి వచ్చే వస్తువు, చాలా బాధేసింది.

కాబట్టి మీ కెమెరాలో జీపీఎస్ ఉంటే సమస్యే లేదు, క్యూహెచ్‌వై 174 జీపీఎస్ లాంటివి ఇందుకే ఎక్కువమంది వాడతారు, ప్రతి ఫ్రేముకీ టైం అందులోనే పడుతుంది. లేకపోతే ల్యాప్‌టాప్ గడియారాన్ని నెట్ ద్వారా సింక్ చేసి పెట్టొచ్చు, కానీ ఒక చిక్కుంది, సాఫ్ట్‌వేర్ వేసే టైం ఫ్రేము ల్యాప్‌టాప్‌కి చేరిన టైం, వెలుతురు కెమెరాలో పడ్డ టైం కాదు, ఆ మధ్యలో ఆలస్యం ఎంతో కెమెరాని బట్టి, యూఎస్‌బీని బట్టి మారుతుంది. దీనికి నేను చేసే పని, ఒక జీపీఎస్ మాడ్యూల్ సెకనుకొకసారి ఇచ్చే పల్స్‌తో చిన్న ఎల్ఈడీ వెలిగేలా పెట్టి, రికార్డింగ్ మొదట్లో కాసేపు, చివర్లో కాసేపు దాన్ని టెలిస్కోప్ మూతి దగ్గర పట్టుకోవడం. ఆ మెరుపులు ఫ్రేముల్లో ఎక్కడ పడ్డాయో చూస్తే ఆలస్యం ఎంతో తెలిసిపోతుంది. ఈవెంట్ జరిగే టైంలో మాత్రం వెలిగించకండి.

ఎక్స్‌పోజర్ గురించి అడిగారు. 13వ మాగ్నిట్యూడ్‌కి 8 అంగుళాలతో 0.2 లేదా 0.3 సెకన్ల దగ్గర మొదలుపెట్టి చూడండి, నక్షత్రం ప్రతి ఫ్రేములోనూ నాయిస్ మీద స్పష్టంగా నిలబడాలి, కంటితో చూస్తేనే ఉందా లేదా అనిపిస్తే ఇంకాస్త పెంచండి. మరీ 2 సెకన్లు పెట్టేస్తే అంచు 40 కి.మీ. పైన మసకైపోతుంది, ఇంకా వలయాలేమన్నా ఉంటే వాటి జాడ కూడా పోతుంది. ఆ, వలయాలు. చారిక్లో అని శనికీ యురేనస్‌కీ మధ్య తిరిగే 250 కి.మీ. వస్తువుంది, 2013 జూన్ 3న దాని ఆకల్టేషన్ దక్షిణ అమెరికాలో రికార్డ్ చేస్తుంటే అసలు ఈవెంట్‌కి ముందొకసారి, తర్వాతొకసారి నక్షత్రం చటుక్కున మసకబారింది. చూస్తే రెండు వలయాలు, ఒకటి 7 కి.మీ. వెడల్పు, ఇంకోటి 3. అంత చిన్న వస్తువుకి వలయాలుంటాయని ఎవరూ అనుకోలేదు. 7 కి.మీ. అంటే సెకనులో మూడో వంతు కూడా కాదు, మీరే లెక్క వేసుకోండి ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలో.

ఇదే కారణంతో రికార్డింగ్ ముందూ వెనకా బాగా పొడిగించండి. నక్షత్రం ఆరేది 20 సెకన్లే కదా అని రెండు నిమిషాలు తీసి ఆపేస్తారు చాలామంది. మరుగుజ్జు గ్రహం హౌమియా వలయం (2017లో దొరికింది) దాని కేంద్రానికి దాదాపు 2290 కి.మీ. దూరంలో ఉంది. నెప్ట్యూన్ అవతలి ఇంకో వస్తువు క్వావార్, దాని వలయం 4100 కి.మీ. దూరంలో ఉంది, అసలు అంత దూరంలో వలయం ముక్కలన్నీ కలిసి చందమామలా అయిపోవాలి, ఎందుకవ్వలేదో ఇంకా తల పట్టుకుంటున్నారు, ఆ వలయం దొరికిన డేటాలో ఆస్ట్రేలియా అమెచ్యూర్ల రికార్డులు కూడా ఉన్నాయి. 4100ని సెకనుకి 20 కి.మీ. తో భాగిస్తే మూడున్నర నిమిషాలు. కాబట్టి 10 నిమిషాలు ముందు, 10 నిమిషాలు తర్వాత. హార్డ్ డిస్క్ ఖాళీ చేసుకుని కూర్చోండి. ముఖ్యంగా మీకు ఈ మాట, ఎందుకంటే నీడ తగలని చోట కూడా వలయం తగలొచ్చు.

యురేనస్ వలయాలు దొరికింది కూడా ఇలాగే. 1977 మార్చి 10న విమానంలో అమర్చిన కైపర్ అబ్జర్వేటరీలో జేమ్స్ ఇలియట్ బృందం హిందూ మహాసముద్రం మీద ఎగురుతూ, గ్రహం అడ్డం రావడానికి చాలా ముందే పరికరాలు ఆన్ చేసి పెట్టింది. అరగంటకి పైగా టైం ఉందనగానే నక్షత్రం ఒక్కక్షణం మసకబారింది, తర్వాత మళ్ళీ, మళ్ళీ. గ్రహం దాటాక అటువైపు కూడా అలాగే. అదే రాత్రి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో ఒక మీటర్ టెలిస్కోపుతో భట్టాచార్య, కుప్పుస్వామి కూడా ఒక మసకబారడం పట్టుకున్నారు, ఒక్కచోటి రికార్డు కాబట్టి యురేనస్‌కి కొత్త ఉపగ్రహం అయ్యుండొచ్చని ప్రచురించారు. అన్ని చోట్ల రికార్డులూ పక్కపక్కన పెట్టాక అది వలయం అని తేలింది. ఇందులో ఎవరి పొరపాటూ లేదు, ఒక్క చోటు నుంచి కనపడేది అంతే.

వాతావరణం ఉంటే ఎలా తెలుస్తుందంటే, నక్షత్రం చటుక్కున ఆరకుండా మెల్లగా దిగుతుంది. 1988లో ప్లూటోకి అలాగే దిగింది, వాతావరణం ఉందని అప్పుడే ఖాయమైంది, మన గాలి ఒత్తిడిలో లక్షో వంతు మాత్రమే ఉన్న ఆ పొరని నక్షత్రం వెలుతురు పట్టిచ్చింది. 2011లో ఇంకో మరుగుజ్జు గ్రహం మకేమకేకి చూస్తే గోడలా దిగింది, అంటే అలాంటి వాతావరణం లేదు. మీ వస్తువు 450 కి.మీ. కాబట్టి గోడే వస్తుంది అనుకోండి. మెట్టు మెట్టుగా దిగితే మాత్రం నక్షత్రం జంట నక్షత్రం అయ్యుండొచ్చు, అది కూడా కొత్త సంగతే, రాసి పంపండి.

ఒక్క ప్రాక్టికల్ విషయం. తప్పు నక్షత్రం మీద పెట్టి కూర్చున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. 13వ మాగ్నిట్యూడ్ దగ్గర అన్నీ ఒకేలా ఉంటాయి, పైగా అద్దాల వల్ల ఇమేజ్ తిరగబడి ఉంటుంది. ముందు రోజు రాత్రి, ఈవెంట్ టైం కంటే 4 నిమిషాలు తర్వాత, ఆకాశం అదే స్థానంలో ఉంటుంది, అప్పుడే మొత్తం రిహార్సల్ చేసుకోండి, అదే చోట, అదే కేబుళ్ళతో. ఒక ఫ్రేము ప్లేట్ సాల్వ్ చేసి (అందులోని నక్షత్రాలని సాఫ్ట్‌వేర్‌తో మ్యాప్‌తో పోల్చి) నక్షత్రాన్ని వేలు పెట్టి చూపించగలిగేదాకా వదలొద్దు. చెట్టో గోడో అడ్డమొస్తుందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

అయిపోయాక వీడియోని ఎంపీ4 లోకి మార్చి సైజు తగ్గించకండి, ఎస్ఈఆర్ గానీ ఫిట్స్ గానీ (కెమెరా డేటాని ఉన్నదున్నట్టు దాచే ఫైళ్ళు) ఒరిజినల్ అలాగే ఉంచండి. పైమూవీలో గానీ టాంగ్రాలో గానీ (వీడియోలో వెలుగు కొలిచే సాఫ్ట్‌వేర్లు) లైట్ కర్వ్ తీసి, మీ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టెలిస్కోప్, ఎక్స్‌పోజర్, టైం ఎలా తీసుకున్నారో మొత్తం రాసి పంపండి. ఆరకపోయినా ఇంతే వివరంగా.

పోయిన నెల వీడియో ఉన్న డిస్క్ మీద ఆ తర్వాత ఏమీ రాయకపోతే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి ప్రయత్నించండి, ఫైలు దొరికినా దొరకొచ్చు, దొరికితే టైం ఎలా సింక్ చేశారో కూడా చెప్పండి. ఇక ఈసారిదానికి, రిహార్సల్ రోజు తీసిన ఒక ఫ్రేము ఇక్కడ పెట్టండి, నక్షత్రం అదేనో కాదో నేను కూడా చార్టుతో పోల్చి చూస్తా.